తప్పు ఏ వరుసలో ఉంది?

మన హాస్టల్ కంప్యూటర్ గదిలో సాయంత్రం పూట తమ్ముళ్ళు ఎక్కువగా తెరిచేది టైపింగ్ పాఠం కాదనీ, పెట్టెలు పేర్చే ఆట అనీ అందరికీ తెలిసిన రహస్యమే. వార్డెన్ గారికి కూడా తెలుసు. ఆ ఆట పేరు లువాంటి. 2024 అక్టోబరు దాకా దాన్ని మైన్‌టెస్ట్ అనేవారు కాబట్టి పూర్వ విద్యార్థులు ఆ పాత పేరుతోనే గుర్తుపడతారు. ఈ సంచికకు దాని గురించి రాయమన్నప్పుడు, ఎలా ఆడాలో రాయడం అనవసరం అనుకున్నాం. ఆ విద్య మాకంటే ఎనిమిదో తరగతి వాళ్ళకే బాగా వచ్చు. ఆట నడుస్తూ నడుస్తూ ఆగిపోయినప్పుడు తెర మీద పడే ఇంగ్లీషు వాక్యాలను ఎలా చదవాలి, ఆ తప్పు ఎక్కడ పుట్టింది, ఎవరు సరిచేయగలరు అన్నదే ఇక్కడ చెప్పదలచుకున్నది.

ఇది ఎందుకు చెప్పాలంటే, మనలో చాలామందిమి ఇంట్లో కంప్యూటర్ చూసి వచ్చినవాళ్ళం కాదు. ఈ హాస్టల్ నుంచి పి.జి. దాకా వెళ్ళిన మేమంతా మా మా ఇళ్ళలో మొదటి డిగ్రీ చదివినవాళ్ళమే. తెర మీద ఎర్ర అక్షరాలు కనిపించగానే "అయ్యో, నేనేదో పాడుచేశాను" అనుకుని మౌసు వదిలేసి లేచిపోయే అలవాటు మన అందరిదీ. కానీ ఆ ఎర్ర అక్షరాలు మనల్ని తిట్టడం లేదు. ఫలానా ఫైలులో ఫలానా వరుసలో చిక్కు వచ్చింది, వెళ్ళి చూడండి అంటున్నాయి. వెళ్ళి చూసే వీలు కొన్ని ప్రోగ్రాములలో ఉండదు. లువాంటిలో ఉంది.

2010లో ఫిన్లాండ్‌కు చెందిన పెర్ట్టు అహోలా అనే ప్రోగ్రామర్ దీన్ని మొదలుపెట్టాడు. అప్పటికే స్వీడన్‌లో పుట్టిన మైన్‌క్రాఫ్ట్ ఆట పేరు తెచ్చుకుంటోంది. మైన్‌క్రాఫ్ట్‌ను డబ్బు పెట్టి కొనాలి. దాన్ని తయారుచేసిన కంపెనీని 2014లో మైక్రోసాఫ్ట్ 250 కోట్ల డాలర్లకు కొనుక్కుంది. లువాంటి ఉచితం, పాత కంప్యూటర్లలో కూడా నడుస్తుంది, ఇంటర్నెట్ లేకపోయినా గదిలోని కంప్యూటర్లను తీగలతో కలిపి నలుగురూ కలిసి ఆడుకోవచ్చు. వీటన్నిటికంటే మాకు నచ్చింది ఏమిటంటే దాని మూల ప్రోగ్రాం అంతా ఎవరైనా చదవవచ్చు, మార్చుకోవచ్చు. లైసెన్సే ఆ హక్కు ఇస్తుంది.

ఒక తేడా ముందు తెలుసుకోవాలి. లువాంటి ఆట కాదు, ఆటలు నడిపే యంత్రం. మన మెస్‌తో పోల్చి చెప్పుకుందాం. పొయ్యి, గ్యాసు, పెద్ద గిన్నెలు యంత్రం. ఆ రోజు వండిన అన్నం, పప్పు ఆట. పప్పులో ఇంటి నుంచి తెచ్చుకున్న ఆవకాయ కలుపుకుంటే అది మాడ్. మాడ్ అంటే ఆటకు కొత్త వస్తువులో, కొత్త జంతువులో, కొత్త నియమాలో కలిపే చిన్న ప్రోగ్రాం. పొయ్యి సి ప్లస్ ప్లస్ భాషలో రాశారు, అది కష్టమైన భాష. మాడ్‌లు రాసేది లువా భాషలో. 1993లో బ్రెజిల్ దేశపు రియో నగరంలోని విశ్వవిద్యాలయంలో పుట్టిన భాష ఇది. పోర్చుగీసులో లువా అంటే చందమామ. ఫిన్నిష్‌లో సృష్టి అనే అర్థమున్న 'లువోంటి' అనే మాటనూ, ఈ లువానూ కలిపి ఆటకు కొత్త పేరు పెట్టారు. ఇంటర్ చదివినవాళ్ళకు లువా రెండు మూడు వారాల్లో పట్టుబడుతుంది. మేము చూసిన భాషల్లో ఇంత తక్కువ నియమాలు ఉన్నది మరొకటి లేదు.

ఇక లోకం ఎలా దాచిపెడుతుందో చూద్దాం, ఎందుకంటే ఎక్కువ భయాలు అక్కడే. ఆటలో కనిపించే ఒక్కో ఘనాన్ని నోడ్ అంటారు. మధ్య నుంచి ఏ దిక్కుకైనా దాదాపు 31,000 నోడ్ల దూరం పోవచ్చు. అన్నిటినీ ఒకేసారి మెమరీలో పెట్టడం ఏ కంప్యూటర్ వల్లా కాదు. అందుకని పొడవు 16, వెడల్పు 16, ఎత్తు 16 చొప్పున ముక్కలు చేస్తారు. ఒక ముక్కలో 4,096 నోడ్లు. ఒక్కో నోడ్‌కు 4 బైట్లు: అది రాయా, మట్టా, చెక్కా అని చెప్పడానికి 2 బైట్లు, దాని మీద పడే వెలుతురుకు ఒకటి, అది ఏ వైపు తిరిగి ఉంది లాంటి వివరానికి ఒకటి. 'రాయి' అని మాటగా రాయకుండా ఒక సంఖ్య రాస్తారన్నమాట. ఏ సంఖ్య ఏ పేరుకు అన్న చిన్న పట్టిక ఆ ముక్కతోపాటే దాస్తారు. పేరులో మాడ్ పేరు, తర్వాత రెండు చుక్కలు, తర్వాత వస్తువు పేరు ఉంటాయి. ఇల్లు కట్టే మాడ్‌లోని పెంకు అయితే 'ఇల్లు:పెంకు' అన్న తీరులో.

పోయిన ఏడాది దసరా సెలవుల ముందు మన తొమ్మిదో తరగతి తమ్ముళ్ళు ఈ హాస్టల్నే ఆటలో కట్టారు. రెండంతస్తులు, నీళ్ళ ట్యాంకు, వేపచెట్టు, మెస్ రేకుల షెడ్డు అన్నీ. నెల రోజుల పని. సెలవుల తర్వాత వచ్చి తెరిస్తే పైకప్పు మొత్తం 'అన్‌నోన్ నోడ్' అని రాసి ఉన్న పెట్టెలైపోయింది. డిస్కులో చోటు లేదని ఎవరో ఒక మాడ్ ఫోల్డర్ తీసేశారు. వీళ్ళు అంతా పోయిందనుకుని ఆ లోకాన్నే తుడిచేసి మొదటి నుంచి కట్టబోతుంటే, అదృష్టం కొద్దీ ఇంటర్ చదివే ఒకరు ఆపారు.

నిజంగా ఏమీ పోలేదు. కొత్తగా వచ్చిన వార్డెన్ గారు హాజరు పట్టీ తీశారనుకోండి. పట్టీలో పేరుంది, మంచం మీద మనిషీ ఉన్నాడు, కానీ ఆ పేరు ఎవరిదో ఆయనకు తెలియదు. అంతమాత్రాన మనిషి మాయమైపోడు కదా. 'ఇల్లు:పెంకు' అన్న పేరు ఆ ముక్క పట్టికలో అలాగే ఉంది. ఆ పేరుకు రంగేమిటి, రూపమేమిటి అని చెప్పే మాడ్ మాత్రమే లేదు. పాత పెన్‌డ్రైవ్‌లో మిగిలిన మాడ్ ఫోల్డర్‌ను తిరిగి అదే పేరుతో పెట్టగానే పైకప్పు వచ్చేసింది. మధ్యలో కంగారుపడి తవ్వేసిన చోట్లు మాత్రం ఖాళీగా మిగిలాయి. అందుకే తెలియని నోడ్లు కనిపిస్తే తవ్వకూడదు. మాడ్ రాసినవాళ్ళే వస్తువు పేరు మార్చారనుకోండి, పాత పేరును కొత్త పేరుకు కలుపుతూ 'రిజిస్టర్ ఎలియాస్' అని ఒక వరుస రాస్తే చాలు. పేరు మార్చి ఆ వరుస రాయని మాడ్‌లు చాలా ఉన్నాయి. ఆటగాళ్ళు కట్టుకున్న ఇళ్ళ మీద దయలేని పని అది.

దీన్ని ఇంకో జబ్బుతో కలిపి అయోమయపడవద్దు. ఒక్కోసారి పెట్టె మీద బొమ్మ లేకుండా ఏదో ఒకే రంగు, గులాబీయో ఆకుపచ్చో, పులుముకుని ఉంటుంది. అక్కడ మాడ్ ఉంది, పేరు తెలుసు, బొమ్మ ఫైలు దొరకలేదు. యంత్రం తనకు తోచిన రంగు వేసి సరిపెట్టింది. ఇలా అయితే మాడ్‌లోని 'టెక్స్‌చర్స్' ఫోల్డర్ చూడాలి. లినక్స్‌లో పెద్ద అక్షరాలు, చిన్న అక్షరాలు వేరు వేరు. విండోస్‌లో బాగా కనిపించిన బొమ్మ మన గదిలోని లినక్స్ కంప్యూటర్లో కనిపించకపోవడానికి ఎక్కువసార్లు కారణం అదే.

ఇప్పుడు ఎర్ర అక్షరాల సంగతి. అన్నిటికంటే ఎక్కువగా కనిపించే వాక్యం 'అటెంప్ట్ టు ఇండెక్స్ ఎ నిల్ వాల్యూ'. నిల్ అంటే లువాలో 'ఏమీ లేదు'. లేనిదాని లోపల ఏదో వెతకబోయావు అని అర్థం. ఖాళీ మంచం దగ్గరికి వెళ్ళి "నీ ట్రంకుపెట్టె తాళం ఇవ్వు" అని అడిగినట్టు. ఒక మాడ్ ఉందనుకుందాం: ఆటగాడు మందు తాగితే 5 సెకన్ల తర్వాత వాడికి బలం వస్తుంది. మాడ్ 5 సెకన్లు ఆగి, పేరును బట్టి ఆటగాణ్ణి పిలిచి, వాడు ఎక్కడున్నాడని అడుగుతుంది. ఒక్కడే ఆడుతున్నంతకాలం ఏ ఇబ్బందీ రాదు. నలుగురు ఆడేటప్పుడు ఒకడు మందు తాగిన రెండో సెకనుకే భోజనం గంట కొట్టారని ఆట మూసి లేచిపోతాడు. అయిదో సెకనుకు పిలిస్తే పలికేవాడు లేడు, నిల్ వచ్చింది. ఆ నిల్‌ను ఎక్కడున్నావని అడగగానే సర్వరు ఆగిపోయి మిగతా ముగ్గురూ బయటపడ్డారు. భోజనానికి వెళ్ళినవాడి మీద అందరికీ కోపం. వాడి తప్పు కాదు. పిలిచిన తర్వాత 'ఆటగాడు లేకపోతే వెనక్కి వెళ్ళు' అనే ఒక్క వరుస రాయకపోవడం మాడ్ తప్పు. గట్టిగా పరీక్షించకుండా వదిలిన మాడ్‌లలో సగానికి ఈ జబ్బు ఉంటుందని మా అభిప్రాయం.

ఆ సందేశంలో మాడ్ పేరు, 'ఇనిట్.లువా' లాంటి ఫైలు పేరు, దాని పక్కన వరుస సంఖ్య ఉంటాయి. 47 అని ఉంటే ఆ ఫైలును నోట్‌ప్యాడ్‌లో తెరిచి 47వ వరుసకు వెళ్ళాలి. అర్థం కాకపోయినా ఫరవాలేదు, ముందు వెళ్ళి చూడాలి. కింద 'స్టాక్ ట్రేస్‌బ్యాక్' అని ఇంకొన్ని వరుసలు ఉంటాయి: ఎవరు ఎవరిని పిలిస్తే ఇక్కడిదాకా వచ్చింది అన్న క్రమం. పైన పేరు పడ్డ మాడే దోషి అనుకోనక్కరలేదు. మరో మాడ్ దానికి తప్పుడు విలువ అందించి ఉండవచ్చు, అది కింది వరుసల్లో బయటపడుతుంది. ఇవన్నీ తెర మీద నుంచి పోయినా 'డీబగ్.టెక్స్ట్' అనే ఫైలులో భద్రంగా ఉంటాయి. ఏ సందేశమూ లేకుండా ఆట మొత్తం ఒక్కసారిగా మాయమైతే మాత్రం అనుమానం పొయ్యి మీదకే పోవాలి. మాడ్ ఎంత చెత్తగా రాసినా యంత్రం కూలిపోకూడదు. కూలితే సి ప్లస్ ప్లస్ భాగంలో ఏదో ఉన్నట్టే.

ఆగిపోవడం ఒక ఎత్తు, నత్తనడక ఇంకో ఎత్తు. సర్వరు దాదాపు 0.09 సెకనుకు ఒకసారి లోకాన్ని ఒక అడుగు ముందుకు జరుపుతుంది, అంటే సెకనుకు 11 సార్లు. ప్రతి అడుగుకూ నన్ను పిలువు అని మాడ్ చెప్పుకోవచ్చు. చుట్టూ నిధి ఎక్కడుందో చూపే మాడ్ ఒకటి అడుగడుగుకూ 80 పొడవు, 80 వెడల్పు, 80 ఎత్తు వెతుకుతుందనుకోండి. అది 5,12,000 నోడ్లు. పదకొండుతో హెచ్చిస్తే సెకనుకు 56 లక్షలు. మన గదిలోని కంప్యూటర్లు పాతవని తిడుతుంటాం గానీ, ఈ లెక్కకు కొత్తదీ ఆయాసపడుతుంది. గడిచిన సమయాన్ని కూడుకుంటూ రెండు సెకన్లు నిండినప్పుడే వెతికితే పని ఇరవయ్యో వంతుకు పడిపోతుంది, ఆడేవాడికి తేడాయే తెలియదు.

నమ్మకం గురించి కూడా కొంచెం చెప్పుకోవాలి, ఎందుకంటే కలిసి ఆడేచోట దొంగతనాల తగవులు వస్తాయి. లువాంటిలో ఒంటరిగా ఆడినా లోపల ఒక సర్వరు, ఒక క్లయింటు ఉంటాయి. మాడ్‌లు నడిచేది సర్వరు వైపు. క్లయింటు నుంచి వచ్చే ప్రతి మాటనూ అనుమానించాలి. దుకాణం మాడ్‌లో ఎన్ని కావాలో రాయమని కిటికీ వస్తుంది. వస్తువు ధర 10 నాణేలు. మన తమ్ముడొకడు ఎన్ని అన్నచోట -5 అని రాశాడు. పదిని -5తో హెచ్చిస్తే -50. వాడి డబ్బులోంచి -50 తీసివేస్తే? మైనస్ సంఖ్యను తీసివేస్తే కూడినట్టే అని ఏడో తరగతి లెక్కల్లో చదివిందే. వాడి దగ్గర 50 నాణేలు పెరిగాయి. వాణ్ణి తిట్టారు గానీ, మా లెక్కన వాడు ఆ రోజు మంచి పరీక్షకుడు. సంఖ్య సున్నా కంటే ఎక్కువేనా అని సర్వరు వైపు అడగడమే మందు. ఇలాంటివి పెద్దవాళ్ళు రాసిన యంత్రంలోనూ దొరికాయి. 5.4.0 కంటే పాత రూపాల్లో ఒక ఆటగాడు మరొకడి సంచిలో వస్తువులు కలపడం, తీసేయడం సాధ్యమయ్యే లోపం ఉండేది. 2022లో దానికి సివిఈ-2022-24301 అని అంతర్జాతీయ పట్టికలో సంఖ్య కూడా వేశారు. దాచిపెట్టకుండా సంఖ్య వేసి అందరికీ చెప్పడం మాకు బాగా నచ్చింది.

నలభై మాడ్‌లు ఉన్న లోకంలో తప్పు దేనిదో తెలియకపోతే ఒక్కొక్కటీ తీసి చూస్తూ కూర్చోనక్కరలేదు. సగం ఆపండి. తప్పు ఇంకా వస్తుంటే అది మిగిలిన 20లో ఉంది, రాకపోతే ఆపిన 20లో ఉంది. అలా 20, 10, 5, 3, 2, 1. ఆరు ప్రయత్నాల్లో తేలిపోతుంది. ఒక మాడ్ మరో మాడ్ మీద ఆధారపడి ఉంటే రెండూ కలిసే ఉండేలా చూసుకోవాలి. ఇదంతా అసలు లోకం మీద చేయవద్దు. ఆట మూసేసి, లోకం ఫోల్డర్ నకలు తీసుకుని నకలు మీద చేయండి. 'మ్యాప్.ఎస్‌క్యూలైట్' అనే ఫైలులోనే మీరు కట్టిందంతా ఉంటుంది. తప్పు దొరికాక మాడ్ రాసినవాళ్ళకు తెలియజేసేటప్పుడు "పని చేయడం లేదు" అని రాస్తే, డాక్టరు దగ్గరికి వెళ్ళి "ఒంట్లో బాగాలేదు" అన్నట్టే. ఆట రూపం సంఖ్య, ఏమి చేశారు, ఏమి జరగాలి, ఏమి జరిగింది, డీబగ్ ఫైలులోని చివరి వరుసలు, ఇవి రాయాలి. ఇంగ్లీషు తప్పులుంటాయేమో అని సిగ్గుపడి రాయకుండా ఉండిపోవద్దు. ఈ పని చేసే ప్రపంచంలో చాలామందికి ఇంగ్లీషు ఇంటి భాష కాదు, మొదలుపెట్టిన అహోలాకే కాదు.

చివరగా, మనకు మాత్రమే తగిలే లోపం ఒకటుంది. తమ్ముళ్ళు ఆటలో కట్టిన హాస్టల్ గేటు మీద 'సాంఘిక సంక్షేమ బాలుర వసతి గృహం' అని బోర్డు పెట్టబోతే అక్షరాలు కుదరలేదు. మొదట గళ్ళు గళ్ళుగా వచ్చాయి. తెలుగు ఫాంట్ పెట్టాక అక్షరాలు వచ్చాయి గానీ గుణింతాలు, ఒత్తులు విడివిడిగా పడ్డాయి. కారణం చెబుతాం. కంప్యూటర్లో 'రాష్ట్రం' అన్న మాట 8 సంకేతాలు: ర, దీర్ఘం, ష, పొల్లు, ట, మళ్ళీ పొల్లు, ర, సున్న. ఇంగ్లీషులో ఒక సంకేతానికి ఒక ఆకారం గీసుకుంటూ పోతే సరిపోతుంది. తెలుగులో షకు కింద టకారపు ఒత్తు, దానికి రకారపు ఒత్తు, ఇలా కూర్చి కొత్త ఆకారం తయారుచేసే మెట్టు ఒకటి మధ్యలో ఉండాలి. 2024లో పేరు మారేనాటి లువాంటిలో ఆ మెట్టు లేదు. హిందీ, కన్నడ భాషలను కూడా అదే కారణంతో ఆట భాషల పట్టికలో చూపించకుండా పక్కన పెట్టారు. మన లిపిని వద్దనుకుని చేసింది కాదిది. మొదట రాసినవాళ్ళ కళ్ళ ముందు ఇలాంటి లిపి లేదు, అంతే. ఆ మెట్టు పని చేసే హార్ఫ్‌బజ్ అనే ఉచిత ప్రోగ్రాం ఇప్పటికే ఉంది. ఫైర్‌ఫాక్స్‌లో, లిబ్రే ఆఫీసులో తెలుగు సరిగా కనిపించేది దాని చలవే. దాన్ని ఈ యంత్రానికి కలపడం లువాతో అయ్యే పని కాదు, సి ప్లస్ ప్లస్ బాగా వచ్చినవాళ్ళు కూర్చోవాలి. మన హాస్టల్ నుంచి ఇంజనీరింగ్‌కు వెళ్ళినవాళ్ళు ఈ పేజీ చదువుతుంటే, ప్రాజెక్టుకు విషయం దొరకలేదని ఇక అనకండి.

అందాకా బోర్డు ఆగనక్కరలేదు. పెట్టె మీద వేసేది బొమ్మ కాబట్టి, బొమ్మలో తెలుగు అక్షరాలు చక్కగా నిలుస్తాయి. లిబ్రే ఆఫీసులో పేరు రాసి, బొమ్మగా మార్చి, 256 చుక్కల వెడల్పు, 64 చుక్కల ఎత్తుకు తగ్గించి, నాలుగు సమాన ముక్కలుగా కోయాలి. ఒక్కో ముక్కకు ఒక్కో నోడ్ చొప్పున నాలుగు వరుసల మాడ్ చాలు. మామూలుగా వాడే 16 చుక్కల బొమ్మలో 'క్షే' ఇమడదు, అలుక్కుపోయినట్టు కనిపిస్తుంది. బొమ్మ నోడ్‌కు ముందు వైపు మాత్రమే వేయండి. నాలుగు వైపులా వేస్తే వెనక నుంచి చూసేవాడికి ముక్కల వరుస తిరగబడి 'గృహం' ముందు వస్తుంది.